పెళ్లానికి అప్పగించిన ఖైదీ

ఈనాక్ టాప్సెల్‌ను అతని పెళ్లాం దగ్గరే పనివాడుగా ఉండమని గవర్నరుగారి కచేరీ నుంచి కాగితం వచ్చిన రోజున విండ్సర్ ఊళ్లో నవ్వనివాడంటూ లేడు, ఒక్క ఈనాక్ తప్ప. నవ్వారు గాని అందులో వింతేమీ లేదు. న్యూ సౌత్ వేల్స్‌లో ఓడ దిగిన ఖైదీ ఎవరో ఒకరి చేతికింద పని చెయ్యాల్సిందే. శిక్ష పడకుండా తన ఇష్టంతో వచ్చిన మనిషి ఎవరైనా సరే, ఇల్లూ పనీ ఉండి అర్జీ పెట్టుకుంటే సర్కారు ఓ ఖైదీని ఇస్తుంది. హెప్సిబా టాప్సెల్ తన ఇష్టంతోనే వచ్చింది. ఇల్లుంది, రొట్టెలు కాల్చే పొయ్యి ఉంది. అర్జీ పెట్టింది. "నాకు పనివాడు కావాలి. ఈనాక్ టాప్సెల్ అనేవాడే కావాలి. వాడి గుణాలన్నీ నాకు ముందే తెలుసు. కొత్తవాణ్ణి ఇస్తే మళ్లీ మొదటినుంచి తెలుసుకోవాలి, అంత ఓపిక నాకు లేదు" అని రాసింది. కచేరీవాళ్లకి ఈ మాట సబబుగా తోచింది.

అసలీ ఈనాక్ ఇంగ్లండులో, ససెక్స్‌లో గుర్రపు జీనులు కుట్టుకునేవాడు. చేతులు బంగారం. బుర్ర మాత్రం చేతులంత చురుకైంది కాదు. ఒక చలికాలం పని దొరక్క, ఇంట్లో పిల్లి పొయ్యిలో పడుకుంటుంటే, ఊరి భూస్వామి పందిని దొంగిలించాడు. దొంగిలించినవాడు మూలదారిన పోవచ్చుగా. పోలేదు. పందికి పెళ్లాం ఆదివారం చర్చికి పెట్టుకునే టోపీ పెట్టి, గడ్డం కింద ముడివేసి, శాలువా కప్పి, బండిలో తన పక్కన కూర్చోబెట్టుకుని నడిబజారున బయలుదేరాడు. కానిస్టేబు ఎదురయ్యాడు. మర్యాదస్తుడు. టోపీ తీసి, "బాగున్నావా టాప్సెలమ్మా" అన్నాడు. పంది జవాబు చెప్పింది. ఈనాక్‌కి ఏడేళ్ల ద్వీపాంతర శిక్ష పడింది.

హెప్సీకి పంది గురించి కోపం లేదు. ఏడేళ్ల గురించి కూడా అంతగా లేదు. ఆ పంది నోరు విప్పేదాకా కానిస్టేబుకి అనుమానమే రాలేదు చూడండి, అదీ ఆమె కడుపుమంట. పదహారు వేల మైళ్లు ఓడలో ఉప్పు మాంసం తిని, వాంతులు చేసుకుంటూ వచ్చినా ఆ మంట చల్లారలేదు.

రెండేళ్లు వేరే యజమాని దగ్గర చెట్లు నరికి, కాయలు కాసిన చేతులతో ఈనాక్ పెళ్లాం గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. చేతిలో సర్కారు కాగితం. ఆమె మోచేతుల దాకా పిండి. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుని రెండేళ్లు దాటింది.

"హెప్సీ" అన్నాడు.

"నలుగురిలో ఉన్నప్పుడు అమ్మగారూ అనాలట. కాగితంలో ఉంది" అందామె. "చిక్కిపోయావ్. లోపలికి రా. కాళ్లు కడుక్కుని రా."

అలా మొదలైంది. కాపురం కాపురమే, కొలువు కొలువే. కంచె దాటి వెళ్లాలంటే ఆమె చేతి చీటీ ఉండాలి. "ఇతను నా పనివాడు. గొడ్డలి పదును పెట్టించడానికి సాన దగ్గరికి వెళ్తున్నాడు. పొద్దు వాలేలోగా రాకపోతే పట్టి తెచ్చేది" అని చీటీ రాసిచ్చేది. ఈనాక్‌కి చదువు రాదు, అందులో ఏముందో దారిలో కానిస్టేబు పైకి చదివినప్పుడు తెలిసేది. ఖైదీలు పాకలో పడుకోవాలన్న రూలు ప్రకారం ఓసారి కానిస్టేబు తనిఖీకి వచ్చి, "పాక ఖాళీగా ఉందేం? మీ పనివాడు ఎక్కడ పడుకుంటున్నాడు?" అని అడిగాడు. "మా ఊరి పాదిరీగారు పడుకోమన్న చోటే" అంది హెప్సీ. పాపం, కుర్రకానిస్టేబు, ఏదో రాసుకోబోయి మానేసి వెళ్లిపోయాడు.

ఆమె మాటతీరును బట్టి గాలివాటం తెలిసేది ఈనాక్‌కి. "ఏమయ్యా" అంటే పెళ్లాం. "టాప్సెల్" అంటే యజమాని. టాప్సెల్ అన్న రోజున అతను నెత్తిన టోపీ తీసేవాడు, అది తన పడకగది అయినా సరే.

ఇంతకీ అతని ప్రాణమంతా సెలవు చీటీ మీద ఉంది. ఏడేళ్ల శిక్ష పడినవాడు నాలుగేళ్లు మచ్చ లేకుండా పనిచేస్తే, యజమాని మంచివాడని రాసిస్తే, ఆ చీటీ వస్తుంది. వస్తే ఎవరి చేతికిందా ఉండక్కర్లేదు, చీటీలో రాసిన జిల్లాలో తన పని తాను చేసుకుని బతకొచ్చు. ఈలోపల ఒక్క కొరడా దెబ్బ పడిందా, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఈనాక్‌కి ఇక ఒక్క నెలే మిగిలింది. రొట్టెలు కొనడానికి ఎవరొచ్చినా సరే అతను అదే పాట పాడేవాడు.

"చీటీ రానీ, సిడ్నీ పోతా. జార్జి వీధిలో జీనుల కొట్టు పెడతా. గుమ్మం మీద నా పేరు రాయిస్తా. ఇక్కడ ఈ బురదలో ఎవడుంటాడు?"

అలా అన్నప్పుడల్లా హెప్సీ తలొంచుకుని, చూపు పిండి మీద నుంచి ఎత్తకుండా, పిండిని గుద్ది గుద్ది పిసికేది. ఆ రోజుల్లో విండ్సర్ మొత్తం మీద ఆమె రొట్టె మెత్తన అని పేరు.

ఇలా ఉండగా ఈనాక్ బాతును చంపాడు.

మామూలు బాతు కాదు. పెద్దబాతు, తెల్లది, మనిషి మోకాలెత్తు. దాని పేరు దొరసాని. హెప్సీకి కంటిపాప. ఈనాక్ కట్టెలు కొడుతూ మొద్దును వెనక్కి విసిరాడు, వెనక దొరసాని ఉంది. ఒక్క అరుపు కూడా లేదు. ఈనాక్ దాన్ని చూశాడు, ఇంటివైపు చూశాడు. లోపలికి వెళ్లి, "అడవికుక్క వచ్చి దొరసానిని ఎత్తుకుపోయింది హెప్సీ, నేను వెంటపడ్డాను గాని దొరకలేదు" అన్నాడు. హెప్సీ అతని మొహంవైపు కాసేపు చూసి, "అలాగా" అంది. అంతే.

ఆ రోజు మధ్యాహ్నం దొరసాని నది పక్కన స్ప్రాగ్ తాత గుడిసెలో కుండలో ఉడికింది. సైలస్ స్ప్రాగ్ ముసలి ఖైదీ, మొదట్లో వచ్చిన ఓడల్లోవాడు. శిక్ష ఎప్పుడో తీరిపోయింది గాని ఇంటికెళ్లే దారి మర్చిపోయాడని అందరూ అంటారు. ఇద్దరూ గుమ్మడికాయ ముక్కలేసుకుని తిన్నారు. తింటూ ఈనాక్ రెండుసార్లు ఏడ్చాడు. మిగిలిన కొవ్వును స్ప్రాగ్ జాగ్రత్తగా డబ్బాలో పోసి దాచాడు.

మూడో రోజు గురువారం. హెప్సీ పొద్దున్నే ఇంకా పొయ్యి కూడా వెలిగించకుండా కూర్చుంది. ఈనాక్ నీళ్లు తెచ్చి పెట్టేసరికి లేచింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"టాప్సెల్" అంది.

ఈనాక్ టోపీ తీశాడు.

మడత పెట్టిన కాగితం, దానిమీద ఎర్ర లక్క ముద్ర. "ఇది మేజరు దొరగారి చేతికి ఇవ్వు. ఇవాళే ఇవ్వు. తిన్నగా వెళ్లు."

"ఇందులో ఏముంది?"

"చదువు రానివాడికి ఏముంటేనేం? వెళ్లమంటుంటే."

ఆమె అతని మొహం కూడా చూడకుండా వెనక్కి తిరిగింది.

మేజరు పెన్‌హాలో దొర మా న్యాయాధికారి. ప్రతి గురువారం కూర్చుంటాడు. ఏ యజమానీ తన ఖైదీని తాను కొట్టకూడదు, కొట్టించాలంటే మేజరుకి ఫిర్యాదు రాయాలి. ఆ ఉత్తరం పట్టుకుపోవడానికి వేరే మనిషిని పంపితే ఓ పూట పని దండగ కదా. అందుకని తన్నులు తినేవాడి చేతికే ఇచ్చి పంపుతారు. వాడు తన దెబ్బలు తనే మోసుకుని నాలుగు మైళ్లు నడుస్తాడు. ముద్ర విప్పితే దానికి వేరే దెబ్బలు. గురువారం పొద్దున చేతిలో ఉత్తరంతో దారిలో ఎవరు కనబడినా మేం పలకరించం. తల ఒంచుకుని దారిస్తాం.

ఈనాక్ తిన్నగా వెళ్లలేదు. స్ప్రాగ్ గుడిసెకి వెళ్లాడు. తన జీవితంలో పదకొండు ఉత్తరాలు మోసిన మనిషి స్ప్రాగ్. ముద్ర విప్పకుండా లోపల ఏముందో చెప్పడంలో ఆయన్ని మించినవాడు నది ఈ ఒడ్డున లేడు, ఆ ఒడ్డున లేడు. ఆయన ఉత్తరాన్ని అరచేతిలో పెట్టి తూచాడు. ఎండకి ఎత్తి పట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లక్కని వాసన చూశాడు.

"ఒకే కాగితం" అన్నాడు.

"అయితే?"

"చిన్న ఉత్తరమైతే కొరడా."

"పొడుగు ఉత్తరమైతే?"

"అప్పుడూ కొరడానే. కాకపోతే ఎందుకో చెప్తారు." స్ప్రాగ్ లక్క మీద వేలు పెట్టి తడిమాడు. "ముద్ర చూడు, ఎంత గట్టిగా నొక్కిందో. బొటనవేలి గీతలు కూడా పడ్డాయి. కోపంలో వేసిన ముద్రరా ఇది. యాభై."

"యాభయ్యా తాతా? బాతుకి యాభయ్యా?"

"బాతుకి ఇరవై అయిదు. అడవికుక్క అని అబద్ధం ఆడావుగా, దానికి ఇంకో ఇరవై అయిదు. నా లెక్క ఎప్పుడూ తప్పలేదు."

ఈనాక్ నేలమీద కూలబడ్డాడు. "నెల రోజులు తాతా. ఒక్క నెల. నాలుగేళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకున్నాను. ఇప్పుడు మళ్లీ మొదటినుంచా? పోనీ, పరాయివాడు పంపితే సరే అనుకుంటాం. కట్టుకున్నది పంపింది చూడు."

"ఊరుకో. ఏడిస్తే వీపు బిగుసుకుంటుంది" అన్నాడు స్ప్రాగ్. "చొక్కా విప్పు. చేయాల్సినవి మూడున్నాయి. మొదటిది కొవ్వు. చర్మం చిట్లదు."

దొరసాని కొవ్వు డబ్బా తీసి ఈనాక్ వీపంతా దట్టంగా మర్దనా చేశాడు. బతికున్నప్పుడు ఆ బాతు ఎవరినీ ఇంత దగ్గరికి రానివ్వలేదు.

"రెండోది రమ్ము. ఇదిగో, ఇంత తాగు. ఇంకాస్త. మూడోది జాగ్రత్తగా విను. దొర ముద్ర విప్పకముందే నువ్వే అన్నీ ఒప్పేసుకో. విప్పాక ఒప్పుకుంటే లాభం లేదు. ముందే ఒప్పుకున్నవాడికి పది తగ్గిస్తాడు. అడక్కపోయినా చెప్పు. ఎంత ఎక్కువ చెప్తే అంత మంచిది."

దారిలో ఈనాక్ ఇంకో పని కూడా చేశాడు. కొరడా కొట్టే డిగ్గరీ ఇంటి దగ్గర ఆగాడు. డిగ్గరీ కూడా ఖైదీయే, నెమ్మదైన మనిషి, ఖాళీ సమయాల్లో గులాబీలు పెంచుతాడు. ఈనాక్ తన దగ్గరున్న పొగాకంతా అతని చేతిలో పెట్టాడు.

"ఎన్ని?" అన్నాడు డిగ్గరీ.

"యాభై అంటున్నారు."

"అయ్యో. మీ ఆవిడేనా?" డిగ్గరీ పొగాకు వాసన చూసి జేబులో పెట్టుకున్నాడు. "దిగులుపడకు. భుజం నొప్పిగా ఉంది నాకు, అదృష్టవంతుడివి. చివరి పది నీకు తెలియకుండా వేసేస్తా. పూర్తయ్యాక ఉప్పునీళ్లు కావాలా, మామూలు నీళ్లా?"

అలా ఈనాక్ టాప్సెల్ కచేరీ గదిలోకి అడుగుపెట్టేసరికి వీపున బాతు, కడుపులో రమ్ము, నాలుక చివర ఒప్పుకోలు, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. మేజరు దొర బల్ల వెనక కూర్చుని హెప్సీ కాల్చిన రొట్టె తింటున్నాడు. పక్కన గుమాస్తా. బల్ల కింద దొరగారి వేటకుక్క నిద్రపోతోంది. ఈనాక్ లోపలికి రాగానే కుక్కకి మెలకువ వచ్చింది. ముక్కు పైకెత్తింది. లేచి వచ్చి అతని వెనక నిలబడింది.

"ఏంటి సంగతి?" అన్నాడు మేజరు, చెయ్యి చాపుతూ.

ఈనాక్ ఉత్తరం ఇచ్చాడు. ఆయన వేలు లక్క కిందికి పోనిచ్చేలోపే నోరు తెరిచాడు.

"దొరా, అడవికుక్క కాదు. నేనే. మొద్దు విసిరాను, అది వెనకుంది, నేను చూడలేదు. తర్వాత తిన్నాను. గుమ్మడికాయ వేసి."

"ఎవర్ని తిన్నావ్?"

"దొరసానిని."

గుమాస్తా కలం ఆగిపోయింది. మేజరు రొట్టె కింద పెట్టాడు. అది బాతు పేరని తేలడానికి కాసేపు పట్టింది. ఈనాక్‌కి మాత్రం ఊపు వచ్చేసింది. "అదొక్కటే కాదు దొరా. నాకిచ్చే తేయాకులో సగం నెలనెలా పొగాక్కి మార్చుకుంటున్నాను. కిందటి క్రిస్మసుకి పండగ పిండివంటలో కిస్మిస్‌లు ముందురోజే ఏరుకు తిన్నాను. కొత్త చీపురు నదిలో పడిపోయింది, పాతదే కొత్తదని చెప్పాను. ఇవాళ పొద్దున రమ్ము తాగాను, అది మాత్రం తమరి కొరడా కోసమే. ఇంకేమీ లేదు. ఉంటే గుర్తు తెచ్చుకుని చెప్తాను."

ఈలోపల కుక్క అతని చొక్కా వెనకనుంచి పైకెత్తి వీపు నాకడం మొదలుపెట్టింది. కితకితలకి ఈనాక్ నవ్వాడు. న్యాయస్థానంలో నవ్వకూడదు. గుమాస్తా అది కూడా రాసుకున్నాడు.

మేజరు ఉత్తరం విప్పి ఒకసారి చదివాడు. ఈనాక్ వంక చూశాడు. మళ్లీ చదివాడు. తర్వాత పైకి చదివాడు.

"మేజరు దొరగారికి, హెప్సిబా టాప్సెల్ తన చేత్తో రాసుకున్నది. నా పనివాడు ఈనాక్ టాప్సెల్‌కి నాలుగేళ్లు పూర్తికావస్తున్నాయి. అతను దొంగ కాడు. ఒక్క పంది తప్ప, అదీ ఇక్కడ కాదు. తాగడు. ఏదైనా పని చెప్తే తప్పకుండా చేస్తాడు, అయితే అది వేరే పని. చెడ్డవాళ్లతో తిరగడు, స్ప్రాగ్‌తో తప్ప. అతనికి అబద్ధం చేతకాదు. ఆడితే రెండు చెవులూ ఎర్రబడతాయి. కనుక నమ్మదగినవాడు. సెలవు చీటీ ఇప్పించ ప్రార్థన."

గదిలో కుక్క నాలుక చప్పుడు తప్ప ఏమీ లేదు. ఈనాక్‌కి అప్పుడు అర్థమైంది. మంచివాడని రాసిన ఉత్తరం. నాలుగేళ్ల కలని అరచేతిలో పెట్టి పంపింది మహాతల్లి, తను దాన్ని బాతుకొవ్వు పూసుకుని వచ్చి స్వయంగా తగలబెట్టాడు. స్ప్రాగ్ మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

"ఇక్కడ ఇద్దరిలో ఒకరు అబద్ధం చెప్తున్నారు" అన్నాడు మేజరు. "దొంగ కాడని ఆమె రాసింది, దొంగనని నువ్వంటున్నావ్. తాగడని రాసింది, నీ ఊపిరికి దీపం పెడితే అంటుకుంటుంది. తప్పుడు యోగ్యతాపత్రం రాసిన యజమానికి పనివాణ్ణి ఉంచరు, తెలుసా? తీసేసుకుని దూరంగా రోడ్డుపనికి తోలేస్తారు. పిలిపించండి ఆవిణ్ణి."

అప్పుడు నిజంగా కూలిపోయాడు ఈనాక్. కొరడాకి భయపడి వచ్చినవాడికి ఇప్పుడు కొరడా ఊసే లేదు. హెప్సీని అబద్ధాలకోరుని చేశాడు, తనని ఎక్కడికో తోలేస్తారు. యాభై దెబ్బలే నయమనిపించింది.

హెప్సీ వచ్చింది. పిండి చేతులతోనే వచ్చింది, పొయ్యిలో రొట్టెలు వదిలేసి. తలుపు తోసినచోట పిండి చేతిముద్ర పడింది. మొగుణ్ణి చూసింది, వీపు చూసింది, కుక్కని చూసింది, ముక్కు ఎగబీల్చింది. అంతా అర్థమైపోయింది ఆమెకి.

"స్ప్రాగ్ దగ్గరికి వెళ్లావా?" అని నెమ్మదిగా అడిగింది.

ఈనాక్ చొక్కా కిందికి లాక్కున్నాడు.

గుమాస్తా నేరాలన్నీ చదివాడు. హెప్సీ చేతులు కట్టుకుని వింది.

"దీనికేమంటావ్?" అన్నాడు మేజరు.

"తమరికి తెలియని చట్టమా దొరగారూ. ఖైదీ మీద ఫిర్యాదు చెయ్యాల్సింది ఎవరండీ?"

"యజమాని."

"యజమానిని నేనే కదండీ. నేను చెయ్యలేదు. నా బాతు, నా తేయాకు, నా చీపురు. నాకు లేని కడుపునొప్పి కచేరీకి ఎందుకండీ?"

"బాతు సంగతి నీకు అబద్ధం చెప్పాడుగా?"

"చెప్పాడండి. అడవికుక్క అంటున్నంతసేపూ చెవులు దానిమ్మ పువ్వుల్లా ఉన్నాయి. ఆ నిమిషానే తెలిసిపోయింది నాకు. ఎదటి మనిషికి నిజం తెలిసిపోతుంటే దాన్ని అబద్ధం అంటారాండీ?"

మేజరు మీసం కింద ఏదో కదిలింది. "మరి రమ్ము?"

"రొట్టెకి పులియబెట్టిన పిండి వాసనండి అది. మా ఇంట్లో అందరికీ అలాగే ఉంటుంది."

"లేదు హెప్సీ, స్ప్రాగ్ తాత సీసాలోదే" అన్నాడు ఈనాక్.

హెప్సీ అతని కాలు తొక్కింది. "చూశారాండీ? అబద్ధం చేతకాదని ఉత్తరంలోనే రాశాను."

మేజరు ఉత్తరం మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు పైన ఉన్న తేదీ ఆయన కంటపడింది. "ఇది జనవరి ఆరున రాసింది. ఇవాళ మార్చి పన్నెండు. ఇన్నాళ్లూ ఎందుకు పంపలేదు?"

అంతసేపూ గలగలా మాట్లాడిన మనిషి చేతులకున్న పిండిని గోకుతూ నిలబడింది.

"సిరా ఆరలేదండి" అంది చివరికి.

"రెండు నెలలా?"

"ఈ ఏడు వానలెక్కువ కదండీ."

వానలు కురిశాయో లేదో మేజరుకి తెలియదా. "వెళ్లు, రొట్టెలు మాడిపోతాయి" అన్నాడు. ఆమె మొగుడివైపు చూడకుండానే వెళ్లిపోయింది.

"టాప్సెల్, తాగి వచ్చినందుకు నీకు శిక్ష వెయ్యక తప్పదు" అన్నాడు మేజరు. "ఆ కుక్కకి సబ్బుపెట్టి స్నానం చేయించు. అది కాగితాల్లోకి ఎక్కదు. గుమాస్తా, ఆ ఒప్పుకోలు కాగితం ఇలా ఇయ్యి, రొట్టె కింద పెట్టుకుంటాను. చీటీకి సిఫారసు రాయి."

గుమాస్తా కలం సిరాలో ముంచాడు. "ఏ జిల్లాకి రాయమంటావ్? ఒకసారి రాస్తే అంతే, ఆ జిల్లా దాటకూడదు. ఊరంతా చెప్పుకుంటున్నారు, నువ్వు సిడ్నీ అంటావటగా."

ఈనాక్ తలుపు వంక చూశాడు. తలుపు మీద తెల్లటి అయిదు వేళ్లు. చూసి, చెప్పాడు. గుమాస్తా కళ్లజోడు సవరించుకుని రాసుకున్నాడు.

చీటీ రావడానికి అయిదు వారాలు పట్టింది. ఆ అయిదు వారాలూ హెప్సీ బాతు మాట ఎత్తలేదు, సిడ్నీ మాట ఎత్తలేదు. ఏమయ్యా అనలేదు, టాప్సెల్ అనలేదు. పొద్దుగూకితే మేజోళ్లు అల్లుతూ కూర్చునేది. నాలుగు జతలు అల్లింది. ఈనాక్ జీనులు కుట్టే సూదులకి తుప్పు వదిలించి నూనె రాసి, ఓ గోనెగుడ్డ సంచీలో పెట్టి, సంచీ గుమ్మం పక్కన కొక్కేనికి తగిలించింది. ఈనాక్ రోజూ ఆ సంచీ కిందనుంచి తల వంచుకుని వెళ్లొచ్చేవాడు. ఇదేమిటని అడిగే ధైర్యం లేదు. ఇంట్లో నిప్పులేని పొయ్యిలా ఉంది ఇద్దరి మధ్యా.

ఓ శనివారం పొద్దున కానిస్టేబు చీటీ తెచ్చిచ్చి, ఈనాక్ చెయ్యి పట్టుకుని ఊపి వెళ్లాడు. ఈనాక్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. టోపీ తీశాడు, అలవాటు కొద్దీ.

"వచ్చింది" అన్నాడు.

"తెలుస్తూనే ఉంది" అంది హెప్సీ. చూపు పిండి మీదే. "ఇంకేం. ఇక నువ్వు నా పనివాడివి కావు. కంచె దాటడానికి నేను రాసియ్యక్కర్లేదు. సంచీలో మేజోళ్లున్నాయి. సిడ్నీలో తడి ఎక్కువట, మార్చి మార్చి వేసుకో."

"హెప్సీ, ఆ ఉత్తరం జనవరిలోనే రాశావు కదా?"

పిండి పిసికే చేతులు ఆగాయి. "రాశాను. రాసి డబ్బాలో పెట్టాను. భయమేసింది. ఓసారి నన్నొదిలి ఓడెక్కావు, అప్పుడు సర్కారు తీసుకుపోయింది, నిన్ను అనడానికి లేదు. ఇప్పుడు నీ అంతట నువ్వే పోతానంటున్నావు. నా చీటీ లేకపోతే నువ్వు సాన దగ్గరికి కూడా వెళ్లలేవు. అది నాకు బాగుండేది. సిగ్గులేకుండా చెప్తున్నాను, చాలా బాగుండేది. కాని మొగుణ్ణి కాగితంతో ఎన్నాళ్లు కట్టేస్తాం? నోటితో చెప్పలేక ముద్ర వేసి పంపాను. ఆ బాతు చచ్చింది కూడా అప్పుడే, నా ఖర్మ."

ఈనాక్ చీటీ చాపాడు. "చదువు."

"ఏముంటుంది చదవడానికి."

"నాకు రాదుగా. ఏం రాశారో చెప్పు. వేరేవాళ్ల చేత చదివించుకోలేను."

హెప్సీ చేతులు గుడ్డకి తుడుచుకుని చీటీ తీసుకుంది. ఎత్తు, కంటి రంగు, ఎడమ చెంప మీద మచ్చ, ఓడ పేరు, అన్నీ గొణుక్కుంటూ చదివింది. కింది వరస దగ్గర ఆగిపోయింది. కిటికీ దగ్గరికి వెళ్లి వెలుతుర్లో పెట్టి చదివింది.

"విండ్సర్ అని ఉంది. గుమాస్తా తప్పు రాశాడు."

"తప్పు కాదు. నేనే చెప్పాను."

"నీకేమైనా మతి పోయిందా? ఒకసారి రాస్తే అంతేనట. జీనుల కొట్టో?"

"విండ్సర్‌లో గుర్రాలు లేవా ఏంటి? వాకిట్లో ఓ బల్ల వేసుకుంటా."

"సిడ్నీ, సిడ్నీ అని రెండేళ్లుగా ఊదరగొట్టావు కదయ్యా వచ్చిన ప్రతివాడి దగ్గరా. నా గుండెల మీద కుంపటి పెట్టినట్టుండేది."

"అన్నాను. వాళ్లందరూ నన్ను పెళ్లాం కింద పనివాడని నవ్వుతుంటే ఏదో ఒకటి అనాలిగా" అన్నాడు ఈనాక్. "అన్నప్పుడల్లా నువ్వు పిండి వంకే చూస్తుండేదానివి. ఒక్కసారైనా తలెత్తి నా చెవులు చూశావా?"

హెప్సీ చీటీని మడతపెట్టి రొట్టెల డబ్బాలో పెట్టింది, ఉత్తరం దాచిన చోటే. గుమ్మం దాకా వెళ్లి కొక్కేనికున్న సంచీ దింపింది, మేజోళ్లు తీసి మంచం మీద పడేసింది. ముక్కు తుడుచుకుంది. వెనక్కి వచ్చి పిండి చేత్తోనే మొగుడి చెవి పట్టుకుని వెలుతురువైపు తిప్పింది.

"ఇప్పుడు చెప్పవయ్యా" అంది. "దొరసానిలో నాకో ముక్క దాచాలని నీకు తోచిందా లేదా?"

"తోచింది" అన్నాడు ఈనాక్.

ఆమె చెవి వంక చూసి, నవ్వి, ఇంకాస్త గట్టిగా మెలిపెట్టింది.